ఎండదని నేను చెప్పిన బావి

నా మొదటి ఉద్యోగం రాళ్ల గుండా నీళ్లను నడిపించడం. అవి నిజం రాళ్లు కావు, నిజం నీళ్లూ కావు. మాదాపూర్‌లో ఒక అద్దె మేడ రెండో అంతస్తులో, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లే ఏసీ గదిలో, రెండు కంప్యూటర్ల మీద మేం ఆ పని చేసేవాళ్లం. తొంభైల చివరి రోజులు. చుట్టూ బండలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్నారు. మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పే వేళకు ఎక్కడో రాయి పేలేది, మా కిటికీలు గడగడలాడేవి. మదీనాగూడలో నాతో గది పంచుకున్న ఇద్దరూ, రెండు వేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాములు సరిచేసే కంపెనీల్లో పనిచేసేవాళ్లు. నా పనేమిటో వాళ్లకు ఎంత చెప్పినా ఎక్కలేదు. "వీడు బోర్లేసే కంపెనీలో చేరినాడు" అని వచ్చినవాళ్లందరికీ పరిచయం చేసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. మీరు సున్నాలు దిద్దే గుమాస్తాలు, నేను శాస్త్రం చేస్తున్నాను అని మనసులో అనుకునేవాణ్ణి. అంత పొగరు ఉండేది నాకు.

ఆ శాస్త్రం చెప్పడం నిజానికి కష్టమేమీ కాదు. ఒక ఊరి నేలను గళ్ల కాగితంలా అనుకోండి. ఒక్కో గడిలో భూమి లోపల నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కనిపెట్టాలి. నీళ్లు ఎత్తు నుంచి పల్లానికి పోతాయి కాబట్టి, ఒక గడిలోని మట్టం చుట్టూ ఉన్న నాలుగు గళ్ల సగటుకు దగ్గరగా ఉంటుంది. మధ్యలో బోరు ఉంటే అది తోడినంత మేర తగ్గుతుంది. మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఇలా సరిచేసుకుంటూ పోయి, మళ్లీ మొదటికి రావాలి. వందసార్లు, వెయ్యిసార్లు. ఒక చుట్టుకూ మరో చుట్టుకూ తేడా కనబడనంత చిన్నదైపోతే లెక్క కుదురుకున్నట్టు. మేం "కన్వర్జ్ అయింది" అనేవాళ్లం. లెక్క కుదురుకోవడం వేరు, అది నిజం కావడం వేరు. ఈ సంగతి మాకు క్లాసులో చెప్పారు. నేను నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను.

నేను చేరిన మూడో నెలలో నానక్‌రామ్‌గూడ పని వచ్చింది. ఊరికి పక్కనే ఒక పెద్ద కంపెనీ తన ఆఫీసులు కట్టుకోబోతోంది. పైపుల నీళ్లు వచ్చేదాకా ఆరు లోతైన బోర్లతో నడుపుకోవాలని వాళ్ల ఆలోచన. ఆ బోర్లు నడిస్తే ఊరి బావుల మీద దెబ్బ పడుతుందా లేదా అని మేం లెక్కగట్టి రిపోర్టు ఇవ్వాలి. మా బాస్ గోదావరి జిల్లా మనిషి, మంచివాడు. నీళ్లు లేకపోవడం అనేది ఆయనకు పుస్తకంలో చదివిన విషయం. నాకలా కాదు. నాది అనంతపురం జిల్లా. బావి ఎండిన ఇంట్లో మాటలు ఎంత తగ్గిపోతాయో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అందుకే ఈ పని నా చేతికి రావడం మంచిదైందని అనుకున్నాను.

ఊరి అంచున, బోర్లు వేయబోయే స్థలానికి తూర్పుగా, దాదాపు ఒకే వరుసలో ఐదు బావులు ఉండేవి. మొదటి బావి ఒక ఆకుకూరల ఆమెది. యాభై ఏళ్లు ఉంటాయి. అరెకరం నేలలో చిన్న చిన్న మళ్లు కట్టి పాలకూర, మెంతికూర, పుంటికూర, కొత్తిమీర వేసేది. తెల్లవారగానే గంప ఎత్తుకుని బయల్దేరి మా మదీనాగూడ రోడ్డు పక్కనే కూర్చుని అమ్మేది. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఎవరూ లేరు. బావి, మళ్లు, ఆ గంప, అంతే ఆమె సంసారం.

మట్టం కొలవడానికి నేను టేపు తీసుకెళ్లాను. దాని కొస నీళ్లను తాకిందో లేదో పైనుంచి తెలిసేది కాదు. మూడోసారి కూడా నేను వంగి తొంగి చూస్తుంటే ఆమెకు నవ్వొచ్చింది. బావి గోడలోంచి పొడుచుకొచ్చిన రాతిమెట్లు చూపించి, వాటిని లెక్కపెట్టుకో అంది. వాన కాలంలో నాలుగో మెట్టు, చలికాలంలో ఏడు, ఎండలు ముదిరితే పదకొండు. ఆమె చిన్నతనం నుంచీ పన్నెండో మెట్టు బయటపడింది రెండే రెండుసార్లట. ఒక్కో మెట్టు ఎత్తు నేను కొలుచుకున్నాను. ఆ బావి మట్టాల చరిత్ర అంతా ఏ కాగితమూ లేకుండా నా చేతికి వచ్చింది. మిగతా నాలుగు బావుల వాళ్లను కూడా ఆమే పిలిపించి అన్నీ చెప్పించింది. వెళ్లినప్పుడల్లా ఒక పాలకూర కట్ట చేతిలో పెట్టేది. వద్దంటే ఊరుకునేది కాదు.

ఆ నేల అంతా గట్టి రాయి. అందులో నీళ్లు పగుళ్ల వెంటే పోతాయి. పగుళ్లు ఎక్కడెక్కడున్నాయో ఎవరికి తెలుసు? అందుకని రాయినంతటినీ ఒకే తీరు ఇసుకలా అనుకుని లెక్క మొదలుపెట్టాను. అది అందరూ చేసేదే, దాన్ని నేను తప్పనను. తప్పు అంచుల దగ్గర జరిగింది. గళ్ల కాగితం ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. ఆగినచోట నీళ్లు ఏం చేస్తాయో మనమే చెప్పాలి. నేను మొదట నాలుగు అంచులూ మూసేశాను. బయటి నుంచి చుక్క రాదు, లోపల ఆరు బోర్లు తోడేస్తూ ఉంటాయి. ఇక లెక్క ఎలా కుదురుకుంటుంది? చుట్టు చుట్టుకూ మట్టాలు కిందికి కిందికి పోతూనే ఉన్నాయి. పది రోజులు ఆ ఫోర్ట్రాన్ ప్రోగ్రాముతో కుస్తీపట్టాను. రోజూ బాస్ వచ్చి, ఏమైందండీ, కన్వర్జ్ అయిందా అని అడిగేవాడు. నాకు తల కొట్టేసినట్టు ఉండేది.

అప్పుడు ఒక పని చేశాను. తూర్పు అంచును ఆ ఐదు బావుల వరుస మీదకు జరిపి, అక్కడ నేను స్వయంగా కొలిచిన మట్టాలను పెట్టి, ఇవి మారవు అని ప్రోగ్రాముకు చెప్పాను. మొత్తం మీద నా చేతిలో ఉన్న నిజమైన అంకెలు అవే మరి. తాత్కాలికంగా పెడదాం, ప్రోగ్రాములో తప్పేమైనా ఉంటే తెలుస్తుంది, తర్వాత తీసేద్దాం అనుకున్నాను. లెక్క చిటికెలో కుదురుకుంది. పది రోజులుగా దిగమింగుకున్న అవమానం ఒక్కసారిగా దిగిపోయింది. బాస్ భుజం తట్టాడు. ఆ సంతోషంలో "తర్వాత" అన్నది ఎటో కొట్టుకుపోయింది. బోర్ల చుట్టూ మట్టం పడిపోతుంది గానీ ఊరి బావుల దగ్గర మార్పేమీ ఉండదు అని రిపోర్టు తయారైంది. రంగుల పటాలు కూడా వేశాం.

రిపోర్టు ఇచ్చిన వారంలో నేను ఊరికి వెళ్లాను. వెళ్లాల్సిన పని లేదు. నా ప్రతాపం చెప్పుకోవాలనిపించింది. ఆమె మళ్ల దగ్గర ఐదు బావుల వాళ్లూ కూర్చుని ఉన్నారు. అప్పటికే వాళ్లు బోర్లు వేయనివ్వవద్దని మండలాఫీసుకు దరఖాస్తు రాయించుకుని, వేలిముద్రలు కూడా వేసి పెట్టుకున్నారు. మర్నాడు పోయి ఇద్దామని మాట. వాళ్లలో పెద్దవాడు, పక్క బావి ముసలాయన, ఇచ్చి తీరాలని పట్టుబట్టి కూర్చున్నాడు. నేను రంగుల పటం విప్పి చూపించాను. ఆమె పటం వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది.

"సారూ, గవన్ని నాకు సమజ్ గావు. ఒక్క మాట చెప్పు. మా బాయి ఎండుతదా, ఎండదా?"

"ఎండదమ్మా" అన్నాను.

ఎక్కడా తడబడలేదు. ఆ రోజు నేను అబద్ధం చెప్పానని కూడా అనలేను. నేను నమ్మాను, అంతకంటే గట్టిగా ఆమె నమ్మింది. సారు నెల దినాల నుంచి ఎండలో తిరిగిండు, కంప్యూటర్ల చూసిండు, ఇగ ఫికర్ లేదు అని మిగతావాళ్లకు తనే నచ్చజెప్పింది. ముసలాయన చాలాసేపు గొణిగాడు. చివరికి ఆమె మాట మీద అందరూ ఊరుకున్నారు. దరఖాస్తు ఆమె ఇంట్లో గూట్లోకి వెళ్లిపోయింది. నాకు ఆ రోజు రెండు కట్టల పాలకూర దొరికింది.

నెల తర్వాత ఒక శనివారం పాత కాగితాలు సర్దుతుంటే నా ప్రింటౌటు చేతికొచ్చింది. చివరి పేజీలో, ఏ అంచు నుంచి ఎన్ని నీళ్లు లోపలికి వచ్చాయో ప్రోగ్రాము రాసి పెడుతుంది. నేను ఎప్పుడూ ఆ పేజీ దాకా పోలేదు. ఆరు బోర్లు తోడిన నీళ్లు దాదాపు మొత్తం తూర్పు అంచు నుంచే వచ్చాయి. అంటే ఆ ఐదు బావుల నుంచి. వాటిలో నీళ్లు మారవని నేను చెప్పాను కాబట్టి, ఆ బావులు అంతులేకుండా ఇస్తూనే ఉన్నాయి, అంగుళం కూడా తగ్గలేదు.  అంచును చాలా దూరం జరిపి, వాన నీళ్లు ఇంకే వాటా కలిపి మళ్లీ నడిపించాను. సాయంత్రానికి లెక్క కుదిరింది. ఈసారి ఐదు బావుల్లోనూ నీటి మట్టం బావి అడుగు కంటే కిందికి పోయింది.

సోమవారం బాస్‌కు చూపించాను. ఆయన అరవలేదు, దాచలేదు. నెమ్మదిగా ఒకే ప్రశ్న అడిగాడు, రాయి గురించి మనం పెట్టిన అంకెలు కచ్చితమా అని. కాదన్నాను. "అయితే ఇదీ ఊహే, అదీ ఊహే కదండీ. వెళ్లిపోయిన రిపోర్టును ఇప్పుడు కెలకడం ఎందుకు?" అన్నాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ నేను ఒప్పుకున్నది అందులోని నిజం చూసి కాదు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆ నెలలో రావాలి. నాకు కావలసిన మాట ఆయన నోటి నుంచి వచ్చింది, కళ్లకద్దుకుని తీసుకున్నాను. అప్పటికి బోర్లు వేయడం మొదలైంది గానీ మోటార్లు పెట్టలేదు. గూట్లోంచి ఆ దరఖాస్తు తీయించడానికి అప్పటికీ వేళ మించలేదు. నేను ఆ ఊరికి పోవడం మానేశాను. మదీనాగూడలో ఆమె కూర్చునే చోటు రాకుండా వెనక సందులోంచి బస్టాపుకు నడిచేవాణ్ణి. గదిలోవాళ్లు ఆకుకూర తేవడం లేదేమని అడిగితే చిరాకుపడేవాణ్ణి.

ఎండలు ముదిరాక ఒకరోజు పొరపాటున ఆ రోడ్డున వచ్చాను. ఆమె చోట్లో ఎవరో పుచ్చకాయలు పోసుకున్నారు. పక్కన పూలమ్మేవాళ్లను అడిగితే, ఆమె రాక ఇరవై రోజులైందన్నారు. ఇంకో నెల గింజుకున్నాను. తొలకరి నాలుగు జల్లులు పడ్డాక, ఇక ఉండబట్టక వెళ్లాను.

మళ్లు బీటలు వారి ఉన్నాయి. బావిలోకి చూశాను. పన్నెండు మెట్లు, వాటి కింద నేనెప్పుడూ చూడని మరో రెండు మెట్లు, ఆ కింద బురద, బురదలో మోటారు పైపు మూతి. ఆమె ఇంటి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి మంచం వాల్చింది. నిష్ఠూరం ఒక్కటి లేదు. వానలు సరిగ్గా పడలే సారూ, నీ తప్పేమున్నది అంది. మిగతా నాలుగు బావులూ అంతేనట. వాళ్లు ఆమెతో మాట్లాడటం మానేశారట. దరఖాస్తు ఆపింది నువ్వు, మమ్మల్ని ముంచింది నువ్వు అంటున్నారట. వాళ్లలో ఒకరింట్లో పెళ్లికి కూడా పిలవలేదట. అది చెప్పేటప్పుడు మాత్రం ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

నేను తప్పును వానల మీదికి తోసేయవచ్చు. ఆమే దారి చూపించింది. కానీ ఆ రోజు ఎందుకో నోరు పెగిలింది. వానలు కాదమ్మా అన్నాను. పుల్ల తీసుకుని నేల మీద గళ్లు గీశాను. ఇక్కడ బోర్లు, ఇక్కడ మీ ఐదు బావులు. లెక్క కుదరక, మీ బావుల్లో నీళ్లు తగ్గవని ముందే నేను పెట్టేసినాను అని చెప్పాను. మా ఆఫీసులో దీన్ని వివరించడానికి నాకు ఒక పూట పట్టింది. ఆమె ఆ గళ్లలో తన బావి ఉన్నచోట వేలు పెట్టింది.

"అంటే, నా బాయి ఎండదని నువ్వే రాసినవు. మల్ల ఎండదని వచ్చిందని నువ్వే చదివినవు. గంతేనా?"

"అంతేనమ్మా."

"గిది నీకెప్పుడు తెలిసింది?"

నాలుగు నెలలైంది అన్నాను. మోటార్లు పెట్టకముందే తెలుసు అని కూడా చెప్పాను. ఆమె తిడుతుందని చూశాను, తిడితే బాగుండుననిపించింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, నాతోని చెప్తే ఏమొస్తది, వాళ్ల ముందట చెప్పు అంది. దరఖాస్తు గూట్లోనే ఉంది, లెక్క తప్పయిందని సారే చెప్పిండని మండలాఫీసుల చెప్తే బోర్లు ఆపుతరేమో, ఆపకున్నా నా మీద మాట పోతది. ఆదివారం పొద్దుగాల్నే రా, అందర్ని పిలుస్త అంది. తప్పకుండా వస్తానని ఆమె చేతులు పట్టుకుని చెప్పాను. తిరిగి వస్తూ గుండె మీంచి బరువు దిగినట్టయి, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

ఆదివారం పొద్దున్నే తయారై బయల్దేరాను. లింగంపల్లి దాకా వెళ్లాను. షేర్ ఆటోలో కూర్చున్నాను కూడా. అది నిండేదాకా డ్రైవరు ఆగాడు, ఆ కాసేపట్లో నా తెలివి పనిచేయడం మొదలెట్టింది. మండలాఫీసులో నా పేరు చెప్తారు. అక్కడి నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి మా బాస్‌కు. చేతికొచ్చిన ఉద్యోగం. బాస్‌తో ఒక మాట అని వచ్చే ఆదివారం వెళ్దాం, అదే పద్ధతి అనుకున్నాను. ఆటో దిగి సినిమాకు పోయాను. బాస్‌తో ఏ మాటా అనలేదు. వచ్చే ఆదివారం రాలేదు.

మరో నెలకు, మాదాపూర్‌లో మా ఆఫీసు ముందు బస్సు కోసం నిలబడి ఉంటే ఎవరో "సారూ" అని పిలిచారు. పక్క బావి ముసలాయన. వదులు ఖాకీ చొక్కాలో ముందు గుర్తుపట్టలేదు. బావి ఎండాక అక్కడొక కడుతున్న మేడకు కాపలా పనిలో చేరాడట. నా పక్కన మా ఆఫీసువాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. ముసలాయన నవ్వుతూనే మొదలుపెట్టాడు. ఆ ఆదివారం ఆమె పిలిస్తే అందరూ పోయారట. మధ్యాహ్నం దాకా కూర్చున్నారట. నేను రాకపోతే ఆమే చెప్పిందట, లెక్క తప్పని సారే ఒప్పుకున్నాడని, ఎండదని సారే ముందు రాసిపెట్టి మళ్లీ సారే చదివాడని. ఎవరూ నమ్మలేదట. తన మీద మాట తప్పించుకోవడానికి, పాపం, అంత చదువుకున్న సారు మీద బట్టకాల్చి వేస్తోందని అందరూ లేచిపోయారట.

"నువ్వే చెప్పు సారూ. నువ్వు గిట్ల అన్నవా ఆమెతోని?"

మా ఆఫీసువాళ్లు మాటలు ఆపి నా వైపు చూశారు.

"ఆమెకు సరిగ్గా అర్థం కాలేదేమో తాతా" అన్నాను.

ముసలాయన తృప్తిగా తల ఊపాడు. "నేను గదే అన్న సారూ. నాకెర్కే" అన్నాడు.